మా ఆయన బుర్రలో ఉన్న ఖాతా పుస్తకం

"కొట్టు లెక్కలు నీకెందుకులే" అని మా ఆయన ఎప్పుడూ కటువుగా అనలేదు. నవ్వుతూనే అనేవారు. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. పదిహేడేళ్లు అలాగే గడిచిపోయాయి.

నరసరావుపేటలో మాకు ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. మా పల్నాడులో ఈ వ్యాపారమంటే సగం అరువే. ఆగస్టు, సెప్టెంబరుల్లో మిర్చి నాటిన రైతు మందులు పట్టుకెళ్తాడు. కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, గుంటూరు యార్డులో అమ్మాకగానీ డబ్బు మన దగ్గరికి రాదు. అన్ని నెలల నమ్మకాన్నీ మా మామయ్యగారు రెండు పుస్తకాల్లో పెట్టేవారు. ఏ రోజు ఇచ్చి పుచ్చుకున్నవి ఆ రోజే రాసేది చిట్టా. అందులోంచి ఎవరి పద్దు వాళ్ల పేజీలోకి ఎక్కించేది ఆవర్జా. ఇంట్లో అన్నం చల్లారిపోతున్నా చిట్టా పూర్తికానిదే ఆయన లేచేవారు కాదు. అత్తయ్య విసుక్కునేవారు. నేను కూడా, మనసులో.

మా ఆయనది గొప్ప జ్ఞాపకశక్తి. ఏ ఊరి రైతు ఎన్ని డబ్బాలు తీసుకెళ్లాడో తడుముకోకుండా చెప్పేవారు. అదే మా కొంప ముంచింది. సగం లెక్క బుర్రలో, కొంత ఫోన్లో, మిగతాది గల్లాపెట్టెలో చీటీల మీద. రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. మనిషి దక్కారు, అదే పదివేలు. కానీ ఆ ఏడాది పద్దులు చాలావరకు ఆయనకు గుర్తు లేకుండా పోయాయి. సరిగ్గా కాయ యార్డుకెళ్లే రోజుల్లో, ఫోన్ తాళం కూడా తెలియని నేను కొట్టు తెరిచి కూర్చున్నాను.

అందరూ ఎగ్గొడతారని చుట్టాలు భయపెట్టారు. ఆ మాట నిజం కాలేదు. చాలామంది తమ బాకీ తామే చెప్పి కట్టారు. కొందరు "అన్నకి అప్పుడే ఇచ్చేశానమ్మా" అన్నారు. కాదనడానికి నా దగ్గర కాగితం లేదు, అవుననడానికీ లేదు.

ఇంకొకావిడ ఉంది. డెబ్బై ఏళ్ల పెద్దమ్మ, ఎకరంన్నర కౌలు. ఆమె పేరు మీద ఆరు వేల బాకీ కనిపిస్తే కుర్రాణ్ణి రెండుసార్లు ఇంటికి పంపాను. రెండోసారి నలుగురిలో అడిగాడట. మర్నాడు పొద్దున్నే ఆవిడ కొట్టుకొచ్చి, వక్కాకు సంచిలోంచి నాలుగు మడతల చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "జమ 6000" అని మా ఆయన చేతిరాత, తేదీతో సహా. చదువురాని మనిషి దాన్ని భద్రంగా దాచుకుంది. రాసిచ్చిన మేము దాచుకోలేదు. ఆవిడ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే, లెక్క రాయడం అవతలివాణ్ణి నమ్మక చేసే పని అంటే నేను ఒప్పుకోను. రాయకపోతే ఇద్దరు మంచివాళ్లే ఒకరినొకరు దొంగల్లా చూసుకోవాల్సి వస్తుంది.

ఈ రెండేళ్లలో తెలుసుకున్నవి కొన్ని మీకూ పనికొస్తాయి. ప్రామిసరీ నోటుకు ప్రాణం మూడేళ్లే. ఆ గడువు దాటకముందే కొంతైనా జమ కట్టించుకుని, నోటు వెనక బాకీదారు సంతకంతో చెల్లు రాయిస్తే అక్కణ్ణుంచి మళ్లీ మూడేళ్లు. మా బీరువాలో గడువు చెల్లిన నోట్లు రెండు దొరికాయి. ఇప్పుడవి ఉత్త కాగితాలు. రోజూ క్రమంగా రాసే ఖాతా పుస్తకాన్ని కోర్టు చూస్తుంది గానీ, ఆ ఒక్కదాన్నే పట్టుకుని బాకీ తేల్చదు, కాబట్టి బిల్లు మీద సంతకం ఉండాలి. జీఎస్టీ పుస్తకాలైతే వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాల్సిందే. ఇక మీది వ్యవసాయ కుటుంబమైతే విత్తనాల బిల్లూ, ఖాళీ ప్యాకెట్టూ పంట చేతికొచ్చేదాకా పారేయకండి. మొలక రాకపోతే లాట్ నంబరే మీ సాక్షి.

పాతకాలపు ఆడవాళ్లకు లెక్కలేం తెలుసంటారు గానీ, మన మాచర్ల దగ్గర నాగార్జునకొండలో, దాదాపు 1,700 ఏళ్ల కిందట, బోధిసిరి అనే ఉపాసిక తాను ఎక్కడ గదులు కట్టించిందో, ఎక్కడ మండపం, ఎక్కడ చెరువు, అన్నీ వరసగా రాతి మీద చెక్కించింది. ఆవిడ రాణి కాదు. మనకేమో మొగుడి ఫోన్ తాళం తెలియదు.

ఇప్పుడు మా ఆయన కోలుకుని కొట్టుకి వస్తున్నారు. చిట్టా మాత్రం నేనే రాస్తాను, రాత్రి తొమ్మిదింటికి, ఆయన చెబుతుంటే. "ఇంత చిన్నది కూడానా" అని గొణుగుతారు. రాస్తాను. నెలకోసారి డిగ్రీ చదివే మా అమ్మాయి ఆవర్జాతో సరిచూస్తుంది. రెండుసార్లు నా తప్పులే పట్టుకుంది, అది వేరే సంగతి.

పెద్దమ్మ మొన్న మార్చిలో వచ్చి ఈ ఏటి బాకీ కట్టింది. ఆమె ఎదుటే పద్దు రాసి, చదివి వినిపించాను. అంతా విని, "చీటీ కూడా ఇయ్యి తల్లీ" అంది.

ఇచ్చాను.