పిల్లలు ఫ్రెండ్స్ మాటే ఎందుకు వింటారు?



మన లైన్లలో ఈ మధ్య ఎక్కువగా వినపడే మాట ఒకటుంది. "యూనివర్సిటీకి పోయినాక మావాడు మా చేతిలో లేడు. ఇరవై ఏండ్లు మేము చెప్పింది ఎక్కలేదు, రెండేండ్ల ఫ్రెండ్స్ చెప్పింది వేదమైపోయింది" అని. బ్యాంకు పరీక్ష రాస్తాడనుకున్న పిల్లోడు లా చదువుతానంటాడు. పెళ్ళి చేద్దామనుకున్న పిల్ల ఇంకా పై చదువులంటుంది. తల్లిదండ్రుల భయం ఉత్త భయం కాదు. అప్పు చేసి చదివిస్తా ఉన్నాము కదా.

ఆ మార్పు ఎట్లా వస్తుందో తెలిస్తే భయం కొంచెం తగ్గుతుంది.

మన తెలుగోళ్ళ సంగతే చూడండి. 1938లో హైదరాబాదు నిజాం ఏలుబడిలో ఉండేది. ఉస్మానియా యూనివర్సిటీ హాస్టళ్ళలో పిల్లలు వందేమాతరం పాడినారు. పాడొద్దని పైనుంచి హుకుం వచ్చింది. వాళ్ళు మానలేదు. పేర్లు కొట్టేసి బయటికి పంపేసినారు. వేరే ఊర్ల కాలేజీలకు కూడా ఆ ఉద్యమం పాకింది. అట్లా చదువు పోగొట్టుకున్నోళ్ళలో చానామందికి నాగపూర్ యూనివర్సిటీ సీట్లిచ్చి ఆదుకుంది. అట్లా నాగపూర్ పోయినవాళ్ళలో పి.వి. నరసింహారావు గారు ఒకరు. 1991లో దేశానికి ప్రధానమంత్రి అయినారు. ఆ ఉద్యమంలోనే ఉన్న దేవులపల్లి వెంకటేశ్వరరావు గారు కమ్యూనిస్టు అయి, తెలంగాణ సాయుధ పోరాటంలో నాయకుడైనారు.

ఆ పిల్లలంతా ఒక ఊరోళ్ళు కాదు, ఒక ఇంటోళ్ళు కాదు. ఒక చోట తిన్నారు, ఒక మాట మీద నిలబడినారు, దానికి అయిన నష్టం కలిసి మోసినారు. తర్వాత ఒకరిది కాంగ్రెసు దారి, ఇంకొకరిది ఎర్రజెండా దారి. కానీ నిజాం పాలన పోవాలన్న దాంట్లో తేడా లేదు. స్నేహం మనుషుల్ని అచ్చు పోసినట్టు ఒకటి చెయ్యదు. అడుగున ఉండే గట్టిదనం మాత్రం ఒకటి చేస్తుంది.

అమెరికాలో బెన్నింగ్టన్ అని ఒక కాలేజీ ఉంది, ఒకప్పుడు అది ఆడపిల్లల కాలేజీ. అక్కడ న్యూకోంబ్ అనే మాష్టారు చేసిన పరిశీలన గురించి మా మనవరాలు చదివి చెప్పింది. డబ్బున్న ఇండ్ల పిల్లలు వాళ్ళు. 1936 ఎన్నికలప్పుడు కొత్తగా చేరినోళ్ళలో నూటికి 62 మంది, ఎక్కువమంది తల్లిదండ్రులు మెచ్చే పార్టీవైపే ఉన్నారు. పై తరగతులకు వచ్చేసరికి అట్లాంటోళ్ళు నూటికి 15 మందే. పాతికేండ్ల తర్వాత మళ్ళీ అడిగితే, చానామంది ఆ కాలేజీ నాటి బుద్ధి మీదే ఉన్నారు. కారణం, తర్వాత కూడా అట్లాంటి మొగుణ్ణి, అట్లాంటి స్నేహితుల్నే ఎంచుకున్నారు.

మిల్లులో మన సంగతి మాత్రం వేరేనా? పక్క ఫ్రేము మీద ఎవరుంటే వాళ్ళే ముందు స్నేహితులు. కన్నడం, తమిళం, తెలుగు, ఉర్దూ, అన్నీ ఒక షెడ్డులోనే. మనకు జ్వరమొచ్చిన రోజు మన ఫ్రేములో తెగిన నూలు కూడా అతికినోడెవరో, బోనస్ అడిగే రోజు గేటు ముందు పక్కన కూర్చున్నోడెవరో, వాళ్ళే చివరిదాకా మిగిలినారు. ఆ బుద్ధి మనకు పుస్తకాల్లోంచి రాలేదు.

అందుకని పిల్లల్ని "ఎవరితో తిరుగుతా ఉన్నావు?" అని గద్దించొద్దు. "మీరంతా కలిసి ఏం చేస్తా ఉన్నారు?" అని అడగండి. ఒకరికి ఫీజు తక్కువైతే అందరూ తలా కొంచెం వేసుకుంటారా? పరీక్షకు ఒకరికొకరు చెప్పుకుంటారా? అట్లయితే మీ పిల్లోడు లా చదివినా, ఇంకేం చదివినా చెడిపోడు. ఫోను, బైకు, హోటలు తప్ప ఇంకో మాట లేదంటే మాత్రం జాగ్రత్త. అట్లాంటి జతలో మన పిల్లోడికి మొదట నేర్పేది మన ఇంటిని చూసి సిగ్గుపడడమే.

ఆదివారం ఆ ఫ్రెండ్స్‌ని భోజనానికి పిలవమనండి. రాగి ముద్ద, పులుసు చాలు. వాళ్ళు రావడానికి వెనకాడితే పెద్ద సంగతి కాదు. మన పిల్లోడే పిలవడానికి వెనకాడితే మాత్రం, ఆ రాత్రి దగ్గర కూర్చోబెట్టుకుని నిదానంగా మాట్లాడండి.