ముందు రెండో సార్‌ను ఇవ్వండి

ప్రాథమిక తరగతులకు కృత్రిమ మేధతో చదువు, లెక్కలు చెప్పించే కార్యక్రమాన్ని మరిన్ని బడులకు విస్తరించాలని తెలంగాణ ప్రభుత్వం తలపెట్టింది. ఎక్‌స్టెప్ ఫౌండేషన్ తోడ్పాటుతో 2025 ఫిబ్రవరిలో మొదలైన ఈ ప్రయత్నంలో మేలు లేకపోలేదు. వలస నుంచి తిరిగొచ్చిన పాలమూరు కూలీ బిడ్డ ఆగిన చోటి నుంచే లెక్కలు అందుకోవచ్చు. అభ్యంతరమల్లా దానికి తోడైన ప్రచారం మీదే. ప్రతి పిల్లవాడి స్థాయినీ కంప్యూటరే పసిగట్టి, తగిన పాఠం తానే చెబుతుందన్నది దాని సారం. ఈ మాట తల్లిదండ్రులను మభ్యపెట్టేది.

స్థాయి కనిపెట్టడం వేరు, ఆ స్థాయి దాటించడం వేరు. మూడో తరగతి పిల్ల 52లోంచి 37 తీసేసి 25 అని రాసిందనుకుందాం. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేసింది. ఆ తప్పును సాఫ్ట్‌వేర్ పట్టగలదు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం ఏమిటో ఆ పిల్లకు తెలియాలంటే మాత్రం పది పుల్లల కట్టను తన చేతులతో విప్పాలి, ఒకట్లలో కలిపి లెక్కపెట్టాలి. అది దగ్గరుండి చేయించేదెవరు? దేవరకొండ తండాలో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లవాడు లెక్క రాక తప్పాడో, తెలుగు ప్రశ్న అర్థంకాక తప్పాడో తేల్చాలంటే పక్కన ఒక మనిషి కూర్చోవాలి.

బడిలో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలు 30 మంది, కంప్యూటర్లు ఐదు ఉన్నాయనుకుందాం. తలా 20 నిమిషాలంటే ఆరు విడతలు, రెండు గంటలు. ఏకోపాధ్యాయ బడిలో ఆ సమయమంతా సార్ కంప్యూటర్ల దగ్గర నిలబడాలా, మిగిలిన 25 మందినీ, ఒకటి రెండు తరగతుల పసివాళ్లనూ చూసుకోవాలా?

ఇలాంటి బోధనకు మద్దతుగా చూపే బలమైన ఆధారం, ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాల కార్యక్రమంపై జరిగిన అధ్యయనం. 2019లో అచ్చయిన ఆ పరిశోధన ప్రకారం నాలుగున్నర నెలల్లోనే పిల్లలు గణితంలో బాగా పుంజుకున్నారు. అయితే బడి వేళల తర్వాత ప్రత్యేక కేంద్రాల్లో రోజుకు 90 నిమిషాలు సాగిన ఆ శిక్షణలో 45 నిమిషాలే కంప్యూటర్ ముందు గడిచాయి. మిగతా 45 నిమిషాలు చిన్న బృందాలకు బోధకులే చెప్పారు. ఫలితాన్ని గొప్పగా చాటి, ఆ శిక్షణలో సగం సమయం పాఠం చెప్పిన మనిషిని లెక్కలోంచి తీసేయడం నిజాయితీ కాదు.

ఒక తరగతిలో పిల్లలందరిదీ ఒకే స్థాయి కాదన్నది నిజం. 2024 అసర్ సర్వేలో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగింది 30.7 శాతమే. ఆ అంతరం తీర్చే బాధ్యత యంత్రానికి వదిలేస్తే సరిపోదు. పిల్లలను బడిలో నిలపడానికీ యంత్రమొక్కటే చాలదు. 2024–25లో రాష్ట్రంలో ఒక్క విద్యార్థీ లేని బడులు 2,245 ఉంటే, 315 బడులతో నల్లగొండ జిల్లాయే అన్ని జిల్లాలకంటే ముందుంది. కంప్యూటర్ లేదన్న ఒక్క కారణంతో ఇన్ని బడులు ఖాళీ కాలేదు. ఐదు తరగతులకు ఒక్క సారే దిక్కయిన ఊళ్లో, తల్లిదండ్రులు అప్పు చేసైనా పిల్లలను ప్రైవేటు బడి బస్సెక్కిస్తున్నారు.

విస్తరణకు ముందు ప్రభుత్వం మూడు పనులు చేయాలి. కంప్యూటర్లు పెట్టే ప్రతి ఏకోపాధ్యాయ బడికీ రెండో ఉపాధ్యాయుణ్ని పంపాలి. తండా బడుల్లో లంబాడీ తెలిసిన సహాయకులను నియమించాలి. ప్రయోగం జరిగిన బడుల పిల్లల ప్రగతిని, ఆ సదుపాయం లేని పొరుగు బడుల ప్రగతితో పోల్చి, జిల్లాలవారీగా బయటపెట్టాలి. ఆ లెక్కలు ప్రజల ముందు పెట్టేదాకా కొత్త బడుల్లో ప్రారంభోత్సవాలు ఆపాలి.