గజ ఈతగాళ్లను బడికి పిలవండి

నా మేనల్లుడికి పదమూడేళ్లు. కిందటి వేసవిలో వాణ్ణి ఒక నగరంలోని జలాశయం మీద పిల్లలకు తెరచాప పడవ నడపడం నేర్పే శిబిరంలో చేర్చాను. మొదటిరోజు పిల్లలను వరుసగా నిలబెట్టి ఊరూ పేరూ అడిగారు. మాది శ్రీకాకుళం తీరంలోని మత్స్యకార పల్లె అని తెలియగానే శిక్షకుడు నవ్వి, ‘నీకు ఇంకేం నేర్పాలి? మీ రక్తంలోనే ఉంది కదా!’ అన్నాడు. ఆయన మంచివాడు, మెచ్చుకోలుగానే అన్నాడు. గట్టు మీద నిలబడిన నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ పిల్లవాడికి తెరచాప తాడు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. నాకూ తెలియదు.

నైపుణ్యం రక్తంలో ఉంటుందన్న మాట కులవ్యవస్థ చెప్పుకున్న కథల్లోకెల్లా పాతది. సంగీతం రక్తంలో ఉందంటే అది ఘనత. చర్మకారుడి చేతిపని రక్తంలో ఉందంటే అది కట్టుబాటు. రెండు మాటలూ నేర్చుకున్న శ్రమను దాచిపెట్టేవే. మా తాతకు సముద్రం రక్తంలో రాలేదు. ఎనిమిదో ఏట మొదలై ఇరవయ్యో ఏటికి గాని పూర్తికాని చదువు అది. తెల్లవారుజామున నేల మీది నుంచి వీచే గాలితో తెప్పను లోపలికి తీసుకుపోవాలి, మధ్యాహ్నం సముద్రం మీది నుంచి వీచే గాలితో ఒడ్డు చేరాలి. ఈ రెంటి మధ్య గాలి ఎప్పుడు తిరుగుతుందో మబ్బును బట్టి, నీటి రంగును బట్టి గుర్తుపట్టాలి. ఒడ్డున విరిగే కెరటాలను లెక్కపెట్టి, ఏ కెరటం వెనుక సందు దొరుకుతుందో చూసి తెప్పను తోయాలి. గాలికి నేరుగా ఎదురు ఏ తెరచాపా పోలేదు. వాలుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు కోసుకుంటూ పోవాలి. ఇవాళ ఈ విషయాలనే క్లబ్బుల్లో ఆంగ్లంలో చెప్పి పత్రం ఇస్తున్నారు. మా తాతకు మిగిలింది మాత్రం నిరక్షరాస్యుడన్న పేరు.

దుంగలను తాళ్లతో కట్టిన తెప్పను తమిళంలో కట్టుమరం అంటారు. ఆ మాటే ఇంగ్లిషులోకి వెళ్లి కేటమరాన్ అయింది. 2016 నుంచి ఒలింపిక్స్‌లో నాక్రా 17 అనే కేటమరాన్ పోటీ జరుగుతోంది. సంపన్నుల విహార నౌకలకూ అదే పేరు. మాట ఖండాలు దాటిపోయింది, దుంగలు కట్టిన చేతులు ఒడ్డునే ఆగిపోయాయి.

మన చరిత్ర పాఠాల్లో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు స్తంభాల నౌక ఉంటుంది. మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు గణపతిదేవుడు 1244లో ఇచ్చిన అభయ శాసనమూ ఉంటుంది. ఆ తెరచాపలు ఎత్తినవారెవరో, తుపానులో నౌకతోపాటు మునిగినవారెవరో పాఠంలో ఉండదు. మరోవైపు బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతితుణ్ణి చేసే పనుల్లో చేర్చింది. రాత చేతిలో ఉన్నవారు సముద్రాన్ని పాపమన్నారు. సముద్రం తెలిసినవారికి రాత అందలేదు. ఇక ఆ జ్ఞానం గ్రంథానికి ఎక్కేదెలా?

మా నాన్న యౌవనంలో తెరచాపతోనే వేటకు వెళ్లేవారు. తరువాత ఫైబర్ తెప్ప, ఇంజిన్ వచ్చాయి. నేను వాటిని తప్పుపట్టను. ఇంజిన్ వచ్చాకనే మా వాళ్ల భుజాలకు కాస్త విశ్రాంతి దొరికింది. కాని దానితో ఒక తరంలోనే తెరచాప చదువు మాసిపోయింది. ఒడ్డు కనిపించని చోట ఇంజిన్ ఆగిపోతే, తెరచాప తెలిసినవాడు ఇంటికి ఆలస్యంగా వస్తాడు. తెలియనివాడు కొట్టుకుపోతాడు.

మా వాళ్ల తప్పు కూడా చెప్పాలి. ఈత వచ్చినవాడికి లైఫ్ జాకెట్ ఎందుకన్న గర్వం మా పల్లెల్లో బలంగా ఉంది. వల లాగేటప్పుడు అడ్డం వస్తుందన్న ఫిర్యాదు నిజమే. అడ్డం రాని జాకెట్టు కావాలని అడగకుండా, ఇచ్చినదాన్ని తలగడ చేసుకున్నాం. మా అన్న ఊరందరికంటే బాగా ఈదేవాడు. ఒడ్డుకు రెండు వందల గజాల దూరంలో, విరిగే కెరటాల్లో తెప్ప తిరగబడి తలకు తగిలింది. స్పృహ లేనివాడికి ఈత వచ్చినా రాకపోయినా ఒకటే. స్పృహ తప్పినవాడి ముఖాన్ని నీటిపైకి తిప్పి నిలిపేలా తయారుచేసే జాకెట్లు ఉన్నాయని నాకు తెలిసింది ఆ తరువాత పదేళ్లకు, మేనల్లుడి శిబిరంలో.

ఈత రావడం కులమైతే ఈత రాకపోవడమూ కులమే. తీరానికి దూరంగా ఉన్న మన ఊళ్లలో పిల్లలు ఈత నేర్చుకున్నది పొలాల్లోని దిగుడు బావుల్లో, నడుముకు ఎండు సొరబుర్రో బెండో కట్టుకుని. ఆ బావులు ఎవరివి? భూమి ఉన్నవారివి. చాలా ఊళ్లలో మాల, మాదిగ పిల్లలు ఆ నీటిని తాకితే బావినే శుద్ధి చేసేవారు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీటిని దోసిట పట్టడాన్ని తాగునీటి పోరాటంగానే చదువుకుంటాం. నీటిలోకి దిగే హక్కు కూడా అందులో ఉందని నాకు అనిపిస్తుంది. దిగనివ్వని నీటిలో ఏ పిల్లవాడూ ఈత నేర్చుకోలేడు. ఇవాళ బావులు ఎండిపోయి ఈతకొలనులు వచ్చాయి. కట్టుబాటు ఉన్నచోట ఇప్పుడు రుసుము ఉంది.

2019 సెప్టెంబర్ 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగింది. పడవలో 77 మంది ఉంటే ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. వారిలో చాలామందిని నీటిలోంచి లాగింది ఒడ్డునున్న గిరిజన గ్రామస్థులు. మునిగిన పడవను తీయడానికి పెద్ద పెద్ద సంస్థలు, యంత్రాలు వచ్చాయి. చివరికి అక్టోబర్ 22న దాన్ని బయటికి లాగింది తాళ్లు, లంగర్లు పట్టుకుని వచ్చిన కాకినాడ వాసి ధర్మాడి సత్యం బృందం. అంతకుముందు ఏడాది జూలైలో గౌతమీ పాయపై పశువుల్లంక వద్ద నాటుపడవ బోల్తా పడింది. మునిగినవారిలో ఎక్కువమంది బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలు. లంకల్లో పుట్టి, రోజూ పడవెక్కి చదువుకునే పిల్లలకు కూడా పడవ తిరగబడితే ఏంచేయాలో మనం నేర్పలేదు.

ఎక్కడ ఎవరు మునిగినా మరునాటి పత్రికలో ఒక వాక్యం ఉంటుంది: ‘గజ ఈతగాళ్లను రప్పించి గాలిస్తున్నారు.’ ఆ గజ ఈతగాళ్లు జాలర్లు, వాడబలిజలు, పల్లెకారులు, పట్టపువారు, బెస్తలు, గంగపుత్రులు. పేరు ఉండదు, ఉద్యోగం ఉండదు, బీమా ఉండదు. శవం దొరికితే చేతిలో కొంత పెట్టి పంపుతారు, ఒక్కోసారి అదీ లేదు. మా అన్నను వెతికింది కూడా మా ఊరివాళ్లే. శవాలను తీయడానికి ఈ రాజ్యానికి మా జ్ఞానం కావాలి. శవాలు కాకుండా చూసే పాఠం చెప్పడానికి మమ్మల్ని ఏ బడీ పిలవలేదు. నా ఆరోపణ ఇంతే.

శిబిరంలో మూడోరోజు పిల్లల చేత కావాలనే పడవలను బోల్తా కొట్టించారు. సాయంత్రం మేనల్లుడు చెప్పిన మాట ఇది: ‘పడవ తిరగబడితే ఈదుకొని ఒడ్డుకి పోకూడదంట మావయ్యా. పడవనే పట్టుకొని ఉండాలంట.’ ఒడ్డు కంటికి దగ్గరగా కనిపిస్తుంది, చేతికి దూరం. పడవ తేలుతుంది, వెతికేవారికి తలకంటే పడవ ముందు కనిపిస్తుంది. అడుగున దించే పలక మీద బరువు వేసి పడవను నిలబెట్టడం, నీరు తోడేయడం, గాలి ఉధృతి రాగానే తెరచాప తాడు వదలడం, గాలి కుడివైపు నుంచి తగులుతున్న పడవకు దారి ఇవ్వడం, ఇవన్నీ పదమూడేళ్ల పిల్లలు పది రోజుల్లో నేర్చుకున్నారు. వారిలో మా వాడొక్కడే మత్స్యకారుల పిల్లవాడు. అందరికంటే బాగా నేర్చుకున్నది వాడు కాదని కూడా చెప్పాలి. ఎన్నడూ సముద్రం చూడని ఒక ఆటో డ్రైవరు కూతురు అందరికంటే ముందు నిలిచింది. రక్తం మాట ఏమైంది?

ఆ పిల్లలు నడిపిన పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల తయారీదారు, సామాన్య కుటుంబాల పిల్లల కోసమే దాన్ని రూపొందించాడు. రెండు ప్లైవుడ్ పలకలతో, యాభై డాలర్ల లోపు ఖర్చుతో తయారుకావాలన్నది షరతు. పేదపిల్లల కోసం పుట్టిన ఆ పడవ మన దేశంలో క్లబ్బు గేటు వెనుక ఉన్న వస్తువైంది. గేటు తెరిస్తే ఏమవుతుందో కూడా చూశాం. సముద్రమే లేని మధ్యప్రదేశ్ భోపాల్ చెరువు మీద ప్రభుత్వ అకాడమీ పెట్టింది. అక్కడ శిక్షణ పొందిన దేవాస్ జిల్లా రైతు బిడ్డ నేహా ఠాకూర్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. హుస్సేన్‌సాగర్ మీద యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీల పిల్లలకు, ప్రభుత్వ బడుల పిల్లలకు నేర్పి జాతీయ పోటీలకు పంపింది. పాత లెక్కల్లో 974 కిలోమీటర్లు, కొత్త కొలతల్లో వెయ్యి దాటిన తీరం ఆంధ్రప్రదేశ్‌ది. నేను తిరిగిన ఏ మత్స్యకార పల్లె బడిలోనూ ఒక్క తెరచాప పడవ చూడలేదు.

ఈ మాట అన్నప్పుడు నా విద్యార్థి ఒకడు నిలదీశాడు: ‘సార్, మత్స్యకారుల పిల్లలను మళ్లీ కులవృత్తిలోకే తోస్తున్నారా?’ సరైన ప్రశ్న. చేపపిల్లలు పంచి, వలలు పంచి, దాన్నే అభివృద్ధి అని పిలిచే ప్రభుత్వాలను చూసినవాడికి ఆ అనుమానం రావాల్సిందే. నా జవాబు ఇది. పుట్టినవాడు బయటికి పోలేనిది, బయటివాడు లోపలికి రాలేనిది కులవృత్తి. ఎవరైనా వచ్చి నేర్చుకుని, ఇష్టమైతే ఉండి, లేకపోతే వెళ్లిపోగలిగేది చదువు. పడవ చదువు మత్స్యకార గురుకులాల్లో మాత్రమే పెడితే అది మళ్లీ కులవృత్తే అవుతుంది. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో, గిరిజన బడుల్లో, లంక గ్రామాల బడుల్లో పెట్టాలి. 2014 మే 25న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు కొండ వాళ్ల రక్తంలో ఉందని ఎవరూ అనలేదు. శిక్షణ ఇచ్చారు, ఎక్కారు.

జెట్టీలు లేక, తీరం కోతకు గురై, మా కుర్రవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ పడవల్లో కూలికి పోతుంటే తెరచాప ఆటలేమిటి అని మా సంఘాల పెద్దలూ అంటారు. ఎస్టీ హోదా కోసం, పరిహారం కోసం పోరాడుతున్నవారి కోపం నాకు అర్థమవుతుంది. కాని పరిహారం అన్న మాట మనిషి పోయాక వస్తుంది. ఇక ఆడపిల్ల పడవెక్కితే అరిష్టమన్న నమ్మకం గురించి అదే పెద్దలను అడిగితే నేల చూపులు చూస్తారు. అది మనుధర్మం మనకు ఇచ్చిన కానుక కాదా? దాన్ని మాత్రం మనం భద్రంగా దాచుకున్నాం.

అడిగేవి పెద్దవేమీ కావు. నీటి పక్కనున్న ప్రతి ఉన్నత పాఠశాలలో ఈత, పడవ భద్రత పాఠ్యాంశం కావాలి. మండలానికి నాలుగైదు చిన్న పడవలు, పిల్లల కొలతకు సరిపోయే జాకెట్లు, తోడుగా ఒక రక్షణ పడవ ఉండాలి. నేర్పడానికి క్లబ్బుల శిక్షకులతోపాటు గజ ఈతగాళ్లను, పాత సరంగులను జీతమిచ్చి నియమించాలి. పదో తరగతి పాసవలేదని వారిని తిప్పిపంపకూడదు. కృత్రిమ శ్వాస, ప్రథమ చికిత్స వంటివి వారు కూడా నేర్చుకోవాల్సి ఉంటుంది. తెలిసినవాడు కూడా విద్యార్థి కావడం అవమానం కాదని మా పల్లెలకు చెప్పాల్సిన పని మాది.

ఈ సంగతులు రాసి ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాను. మత్స్యశాఖకు వెళ్లమన్నారు, అక్కడ విద్యాశాఖ అన్నారు, అక్కడ క్రీడల వారిని అడగమన్నారు. ఎనిమిది నెలలైంది.

మా నాన్నకు ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. సంక్రాంతికి మేనల్లుడు వచ్చి, గాలి తిరగడం ముందే ఎలా తెలుస్తుందని అడిగితే, ఇసుకలో కూర్చుని పుల్లతో గీసి చూపించారు. చుట్టూ మరో ఆరుగురు పిల్లలు చేరారు, అందులో ఇద్దరు ఎస్సీ కాలనీ పిల్లలు, ఒకమ్మాయి. తెరచాపతో వేటకు వెళ్లినవారు మా ఊళ్లో ఇంకా నలుగురు ఉన్నారు.