అసలు పాట ఎవరిదండీ?

మొన్న శ్రావణ శుక్రవారం ఆళ్లగడ్డలో మా అత్తగారింట్లో మా తోడికోడలు 'నానాటి బతుకు' పాడింది. కాస్త నిదానంగా, తనకొచ్చిన తీరులో. పల్లవి అయిందో లేదో మా చినమామయ్య, "ఎమ్మెస్ పాడినట్టు లేదు. ఎందుకమ్మా పాటను చెడగొట్టడం?" అన్నారు. ఆ పిల్ల ఆపేసి వంటింట్లోకి పోయింది. నంద్యాల చేరేదాకా నాకు కడుపు మండుతూనే ఉంది.

చెడగొట్టడానికి అసలు వరస ఎక్కడుంది? అన్నమయ్య పోయింది 1503లో. తిరుమలలో రాగిరేకులు బయటపడింది 1922లో. వాటిమీద రాగాల పేర్లున్నాయి గానీ ఎలా పాడాలో స్వరాలు లేవు. ఇప్పుడు మనం వినే రేవతి వరస నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టింది. ఎమ్మెస్ పాడిందీ అదే. అంటే మామయ్యగారు "అసలు" అంటున్నది ఆయన పుట్టాక పుట్టిన వరస! పక్కనే అహోబిలం పెట్టుకుని ఈ మాత్రం తెలియదా?

అదే ఫోన్లో ఎవరో కుర్రాడు గిటారు పట్టుకుని పాత సినిమా పాటను సాగదీస్తే, "కవర్ సాంగ్, ఎంత కొత్తగా పాడాడో" అని ఇంటిల్లిపాదికీ పంపుతారు. కోడలు పాడితే మాత్రం తప్పులు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మా అత్త పాడేది. అప్పడాలు ఒత్తుతూ పాడుతుంది, కర్ర ఆగినచోట పాటా ఆగుతుంది. మగవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం నోరు మెదపదు. ఆమెనూ ఎప్పుడో ఎవరో ఇట్లాగే అని ఉంటారు.

వచ్చే శుక్రవారం నంద్యాలలో మా ఇంట్లో పేరంటం. తోడికోడలే పాడుతుంది, మూడు చరణాలూ. మామయ్యగారికీ కబురు పెట్టాను.