ఉప్పునీటి వేళ్లు

అండమాన్ రాజధాని శ్రీ విజయపురం పేరు 2024 వరకు పోర్ట్ బ్లెయిర్. ఆ నగరంలో జంగ్లీఘాట్ చేపల రేవు. కోస్తా ఆంధ్రం నుండి వలస వెళ్లిన జాలరి కుటుంబాలు అక్కడ ఎన్నో. 2004 డిసెంబరు 26న సునామీ జంగ్లీఘాట్ పల్లపు ప్రాంతాలను ముంచెత్తింది. ఆనాడు దీవులలో పలుచోట్ల సముద్రం బావులలోకి దిగింది. అల వెనుకకు మరలింది గాని, ఉప్పు మరలలేదు.

తీరపు ఇసుక నేలలో మంచినీరు ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. లీటరు మంచినీరు కిలో తూగితే సముద్రపు నీరు అంతకన్న సుమారు 25 గ్రాములు అధికం. ఈ స్వల్ప భేదం వల్లనే, సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచిన చోట, మట్టానికి దిగువన దాదాపు 40 అడుగుల వరకు మంచినీరే ఉంటుంది. బరువైనది అడుగున, తేలికైనది పైన. ఇది నిలకడైన అమరిక.

సునామీ దానిని తలక్రిందులు చేసింది. పైకి వచ్చిన బరువైన నీరు దుప్పటి పరచినట్లు సమంగా దిగదు. రెండు నీళ్లు కలిసే హద్దులో ఎక్కడ ఒకింత జారితే అక్కడ జారుడు మరింత వేగం పుంజుకుంటుంది. చివరకు ఉప్పునీరు పాయలుగా చీలి దిగుతుంటే, వాటి నడుమ నుండి మంచినీరు పైకి లేస్తుంది. శాస్త్రజ్ఞులు ఈ పాయలను చేతివేళ్లతో పోల్చారు. తెలుగులో చెట్టు వేళ్లకూ అదే మాట. ఇక్కడ అదే మరింత తగినదేమో!

బరువుతో నిమిత్తం లేకుండా కూడ వేళ్లు పుట్టవచ్చు. పలుచని ద్రవం చిక్కని ద్రవాన్ని నెట్టినప్పుడు అది తేలికైన దారి చూసుకొని ముందుకు దూసుకుపోతుంది. నేలలోని చమురును నీటితో నెట్టే ఇంజనీర్లకు ఇది ఎడతెగని తలనొప్పి. బొగ్గు నింపిన గొట్టాలలో చక్కెర పాకాన్ని నీరు నెట్టే తీరును 1952లో హిల్ పరిశీలించాడు. పైనుండి నీటిని మెల్లగా పంపితే హద్దు చెదరదు. ఒక వేగం దాటితే చీలిపోతుంది. 1958లో సాఫ్‌మన్, టేలర్ ఈ చీలికకు గణిత రూపమిచ్చారు.

చెడిన బావిని ఆతురతతో తోడివేయడం ప్రమాదకరం. పై నీరు తగ్గిన కొద్దీ అడుగునున్న ఉప్పునీరు శంకువులా పైకి పొడుచుకు వస్తుంది. వాన చేసే పని వేరు. అండమానులో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం. మెల్లగా ఇంకే వాననీరు తేలికైనది కనుక పైనే నిలిచి, ఉప్పునీటిని సమంగా క్రిందికి నెడుతుంది. అయితే ఇది ఇసుక మాట. ఇసుక నడుమ బంకమట్టి పొరలున్న చోట వాటిలో చిక్కిన ఉప్పు వాన తరువాత కూడ కొంచెం కొంచెంగా ఊరుతూనే ఉంటుంది.