లాబీలో కాపురం చేస్తామా?

పోయిన ఆదివారం హైదరాబాద్ నడిబొడ్డున కొత్తగా లేచిన ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ చూడ్డానికి వెళ్ళాం. నేనూ, మావారూ, మా మరిదీ. తిప్పి చూపించిన కుర్రాడు రేటు, లోను, రిజిస్ట్రేషన్ సంగతులన్నీ “సర్, సర్” అంటూ వాళ్ళిద్దరికే చెప్పాడు. చివర్లో నా వైపు తిరిగి “మేడమ్, మీరు కిచెన్ చూడండి” అన్నాడు. మావారు కూడా “నువ్వు వంటిల్లు చూసుకో, రేటు సంగతి మేం మాట్లాడతాం” అన్నారు.

ఆ రేటులో మా నాన్న నాకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరం పది సెంట్లు ఉంది. దాన్ని అమ్మిన డబ్బుతోనే ఈ ఫ్లాటు. మరి రేటు సంగతి నాది కాకపోతే ఎవరిది?

అందుకే వంటింట్లోకి వెళ్ళలేదు. అక్కడే నిలబడి “బాబూ, కార్పెట్ ఏరియా ఎంత?” అని అడిగాను. “1,650 మేడమ్” అన్నాడు. “అది సూపర్ బిల్టప్. నేనడిగింది కార్పెట్” అన్నాను. ఎవరికో ఫోన్ చేసి కనుక్కుని 1,155 అని చెప్పాడు.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం, విసుక్కోకండి. అడుగు 9,000 చొప్పున 1,650 అడుగులకి కోటీ 48 లక్షల 50 వేలు. కానీ నేను చీపురు పట్టుకుని ఊడ్చుకునే చోటు 1,155 అడుగులే. ఆ డబ్బుని దీనితో భాగిస్తే అడుగు 12,857 రూపాయలు పడుతుంది. మిగతా 495 అడుగులేమిటంటే బయటి గోడలు, బాల్కనీ, లిఫ్టు, మెట్లు, లాబీ, క్లబ్‌హౌస్‌లో మన వాటా. అవీ కావలసినవే, కాదనను. కానీ పక్క అపార్ట్‌మెంట్‌లో “అడుగు 8,500కే” అని మురిసిపోయే ముందు అక్కడ కార్పెట్ ఎంతో అడగాలి కదా! అక్కడ అదే 1,650కి 1,050 మాత్రమే వస్తే, చవకనుకున్నదే అడుగు 13,357 పడుతుంది. కూరగాయల దగ్గర తొడిమలు తీసి తూకం వేయమనే మనం, ఇంటి దగ్గర తొడిమలకి కూడా డబ్బు కట్టి వస్తున్నాం.

2016లో వచ్చిన రెరా చట్టంలోనే కార్పెట్ ఏరియా అంటే ఏమిటో రాసి ఉంది. లోపలి గదుల మధ్య గోడలు అందులో కలుస్తాయి, బయటి గోడలూ బాల్కనీ కలవవు. కాబట్టి అడగడానికి మొహమాటం దేనికి?

ఇక నాణ్యత. ఆ అపార్ట్‌మెంట్ లాబీ చూస్తే పెద్ద హోటల్‌లా ఉంది. ఇటాలియన్ మార్బుల్, రెండంతస్తుల ఎత్తు వేలాడే దీపాలు. మా మరిది అక్కడే పడిపోయాడు. మోడల్ ఫ్లాట్‌కి తీసుకెళ్ళారు. పడగ్గది విశాలంగా అనిపించింది. ఎందుకో తర్వాత అర్థమైంది. గదికి తలుపే బిగించలేదు, మంచం మామూలు డబుల్ కాట్ కన్నా చిన్నది, గోడ నిండా అద్దం. టేపు పెట్టి కొలిస్తే మా మంచం, మా అత్తగారి ఇనప బీరువా పట్టాక తలుపు పూర్తిగా తెరుచుకోదు.

మా ఆడపడుచు ఇలాగే మెరుపు చూసి కొనుక్కుంది. గృహప్రవేశం నాడు మేమందరం నోరారా మెచ్చుకున్నాం. బాత్‌రూమ్‌లో వాలు తప్పుగా ఉందని కాపురం పెట్టాక తెలిసింది. నీళ్ళు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు వస్తాయి. ఏడాది తిరిగేసరికి తలుపు అడుగుభాగం ఉబ్బిపోయింది, అవతలి గోడ చెమ్మపట్టి పెచ్చులు లేచింది. రోజూ వైపర్ పట్టుకుని నీళ్ళు తోసేది ఆవిడే. బేరం ఆడిన మగవాళ్ళెవరూ తోయడం లేదు.

“అవన్నీ తర్వాత మార్చుకోవచ్చు, ముందు ఏరియా ముఖ్యం” అంటారు మావారు. మెట్రో, ఆసుపత్రి, పిల్లల కాలేజీ దగ్గరన్న మాట నిజమే. రంగులు మార్చుకోవచ్చు, కుళాయిలు మార్చుకోవచ్చు, అదీ ఒప్పుకుంటాను. కానీ బాత్‌రూమ్ వాలు మార్చాలంటే టైల్స్ పగలగొట్టాలి. స్లాబులోంచి నీరు కారితే పైవాళ్ళతో పోట్లాడాలి. కిటికీ లేని వంటింటికి కిటికీ పెట్టలేం. మార్చుకోగలిగినవి చూసి మురిసిపోయి, మార్చలేనివి చూడకుండా డబ్బు కట్టడమే మన తప్పు.

మనమూ తక్కువ తినలేదు. ఫాల్స్ సీలింగ్ చూసి ఫొటోలు తీసుకుంటాం, యుటిలిటీ వైపు తొంగి కూడా చూడం. వాషింగ్ మెషిన్ పెట్టాక పనమ్మాయి కూర్చుని అంట్లు తోముకునే చోటు ఉంటుందా? బట్టలెక్కడ ఆరేస్తాం? ఫ్రిజ్, మిక్సీ, గ్రైండర్, వాటర్ ఫిల్టర్, ఓవెన్ అన్నిటికీ ప్లగ్గులున్నాయా? ఇవి అడగాల్సింది మనమే.

ఈసారి వెళ్ళేటప్పుడు ఒక టేపు, ఒక రూపాయి బిళ్ళ పట్టుకెళ్ళండి. బిళ్ళతో టైల్స్ మీద కొట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు సరిగా నిండలేదని అర్థం. బాత్‌రూమ్‌లో బకెట్టు నీళ్ళు పోయించి, ఎటు పోతున్నాయో చూడండి. కిటికీ తలుపు తేలిగ్గా జరగాలి. దాని పట్టాలో వాన నీళ్ళు బయటికిపోయే కన్నాలుండాలి. ఇంకా కడుతూ ఉంటే, అదే బిల్డర్ మూడు నాలుగేళ్ళ కింద కట్టిన అపార్ట్‌మెంట్‌కి ఓ వాన కురిసిన మర్నాడు వెళ్ళి, అక్కడి ఆడవాళ్ళతో మాట్లాడండి. ఏ బ్రోచరూ చెప్పనిది వాళ్ళు చెప్తారు.

చట్టం మన వైపే ఉంది. మోడల్ ఫ్లాట్‌లో తప్పుడు సమాచారం చూపించి నష్టం చేస్తే పరిహారం అడగొచ్చు. తాళాలిచ్చిన అయిదేళ్ళలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి మనం తెలియజేస్తే, పైసా తీసుకోకుండా 30 రోజుల్లో బాగుచేయాలి. అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. “ఈరోజే కడితే డిస్కౌంటు” అన్నవాళ్ళకి ఈ మాటలు చెప్పి చూడండి, వాళ్ళ గొంతు ఎలా మారుతుందో.

మేమింకా డబ్బు కట్టలేదు. మావారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడోరోజు కాగితం మీద ఆయనే భాగహారం చేసి చూసుకుని, “వచ్చే ఆదివారం బకెట్టు అక్కడుంటుందా, మనం తీసుకెళ్ళాలా?” అని అడిగారు.

నాకు పొలం రాసిచ్చేముందు మా నాన్న గట్ల వెంట నడిపించారు. ఎండలో, నాలుగు వైపులా, హద్దురాయి హద్దురాయికీ చెయ్యి పెట్టించి “ఇక్కడిదాకా నీది తల్లీ” అని చూపించారు. ఆ పొలం అమ్మి కొనే ఇంట్లో నాది ఎక్కడిదాకానో కొలిచి చూసుకోకుండా సంతకం ఎలా పెడతాను?