శేషం ఉంచే లెక్క

మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఒక పట్టింపు ఉండేది. అప్పు, నిప్పు, పుండు, పగ... ఈ నాలుగింటిలో దేన్నీ ఇసుమంత కూడా మిగల్చకూడదనేవారు. రాత్రి పొయ్యిలో నీళ్లు చిలకరించి, బూడిదను పుల్లతో ఒకసారి కెలికి చూసుకుంటే గానీ పడుకునేవారు కాదు. ఆ పట్టింపు మన ఒంట్లోనూ ఇంకిపోయింది. ఏ పనైనా తుదముట్టా చేస్తేనే నిద్రపడుతుంది.

పత్తి రైతులకు మాత్రం ఒక దశలో దీనికి ఎదురు మాట వినాల్సి వచ్చింది. పురుగును చంపే గుణమున్న బీటీ విత్తనాల 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఒకటి వచ్చేది. అందులో ఉండేవి బీటీ కాని మామూలు గింజలు. వాటిని చేను చుట్టూ వరసలుగా వేయమనేవారు. ఎందుకయ్యా అంటే, పురుగు తినడానికి!

చాలామంది ఆ పొట్లాన్ని గట్టు మీదే వదిలేశారు. దున్ని, ఎరువేసి, పురుగును మేపడమేమిటని వాళ్ల ప్రశ్న. తప్పుపట్టబుద్ధి కాదు. నిజానికి పురుగు మొండికేయడం మన నేలకు కొత్త కాదు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద పడిన పచ్చ పురుగు ఎంత మందు కొట్టినా చావలేదు. లొంగేవన్నీ పోయి మొండివే మిగిలాయి. లొంగేవి కొన్ని బతికుంటే మొండివాటితో జతకట్టి, ఆ మొండితనాన్ని పలచన చేస్తాయి. ఇది తెలిసినా, పురుగు కోసం విత్తనం వేయడానికి చేతులు రావు.

ఈ పురుగు లెక్కనే క్యాన్సర్ దగ్గరకు తీసుకెళ్లారు అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలోని మోఫిట్ క్యాన్సర్ సెంటర్‌కు చెందిన రాబర్ట్ గేటెన్‌బీ అనే రేడియాలజిస్టు. క్యాన్సర్ గురించి 2009లో ‘నేచర్’ పత్రికలో రాస్తూ ఆయన క్యాబేజీ తోటల్ని పాడుచేసే డైమండ్ రెక్కల పురుగు ఊసెత్తారు. ఎన్ని మందులు మార్చినా వాటికి అలవాటుపడిపోయిన పురుగది. కణితిలోనూ జరిగేది అదేనని ఆయన మాట.

కణితిలో కణాలన్నీ ఒకే తీరుగా ఉండవు. కొన్ని మందుకు లొంగుతాయి, కొన్ని లొంగవు. లొంగనివి చాలాసార్లు మందు మొదలుపెట్టక ముందే ఏ మూలో నాలుగు ఉంటాయి. కాకపోతే ఆ మొండితనం వాటికీ భారమే. మామూలు రోజుల్లో తిండి దగ్గర, చోటు దగ్గర లొంగే కణాలే వాటిని తొక్కిపెట్టి ఉంచుతాయి. మనం పూర్తి మోతాదులో మందిచ్చి లొంగేవాటిని ఊడ్చేస్తే మొండివాటికి అడ్డు తొలగించినట్టే. చేలో జతకట్టడం చేసే పనిని ఇక్కడ పోటీ చేస్తుంది.

ఇలాంటి పోరుకు లెక్క కట్టడం క్యాన్సర్‌తో మొదలవలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గింది. ఆ ఏళ్ల మార్కెట్ లెక్కలు తిరగేస్తున్న ఉంబెర్టో డాంకోనా అనే ఇటలీ శాస్త్రవేత్తకు ఒక వింత కనిపించింది. వేట తగ్గినప్పుడు సొరల్లాంటి వేటాడే చేపల వాటా పెరిగింది! ఆయన ఆ సందేహాన్ని తీసుకెళ్లి కాబోయే మామగారి ముందు పెట్టారు. ఆ మామగారు వీటో వోల్టెరా, పేరుమోసిన గణితవేత్త. కాబోయే అల్లుడు అడిగితే కాదనలేక కాబోలు, 1926లో సమీకరణాలు రాసి మరీ జవాబు చెప్పారు. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లోట్కా కూడా విడిగా అదే దారిలో వచ్చారు కనుక ఆ లెక్కకు ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మామా అల్లుళ్ల మధ్య ఇంతకంటే మంచి కానుక ఇచ్చిపుచ్చుకోవడం నేను వినలేదు.

ఆ లెక్క కుటుంబానికే చెందిన సమీకరణాల్లో చేపల చోట కణాల్ని కూర్చోబెట్టారు టాంపా వాళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఒంట్లో పాకిన మగవాళ్లకు అబిరాటెరోన్ అనే మందు ఇస్తారు. అది పనిచేసినంత కాలం రోజూ వేసుకోవాలన్నది మామూలు పద్ధతి. వీళ్లు మరోలా చేశారు. రక్తంలో పీఎస్ఏ అనే సూచిక మొదట్లో ఉన్నదాంట్లో సగానికి పడితే మందు ఆపేస్తారు. తిరిగి మొదటి అంకెకు చేరితే మళ్లీ మొదలుపెడతారు. 2022లో వచ్చిన నివేదికలో ఇలా వాడినవాళ్లు 17 మంది, మామూలుగా వాడినవాళ్లు 16 మంది. జబ్బు మళ్లీ ముదరడానికి పట్టిన మధ్యస్థ కాలం ఆపి ఆపి వాడినవాళ్లలో 33.5 నెలలు, మామూలుగా వాడినవాళ్లలో 14.3 నెలలు. గుప్పెడు మందితో చేసిన పరీక్ష, అదీ చీట్లు తీసి విడదీసిన గుంపులు కావు. అందుకని గంతులేయడానికి లేదు. అయినా ఆ అంకెల దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది.

నాకైతే అంకెల కంటే డాక్టరు గదిలో కూర్చున్న మనిషే కళ్లముందు మెదులుతాడు. సగానికి తగ్గింది, ఇక మందు ఆపుదాం అంటారు డాక్టరు. పక్కనున్న భార్య ఊరుకుంటుందా? ‘పనిచేస్తున్న మందును ఆపడమేమిటండీ, ఇంకో రెండు నెలలు వాడితే మొత్తం పోతుందేమో’ అంటుంది. మనమైనా అదే అంటాం. పై నెల అంకె కాస్త పెరుగుతుంది. ఆ పై నెల ఇంకాస్త. పెరగనివ్వండి, అనుకున్నట్టే సాగుతోంది అంటారు డాక్టరు. ఒంట్లో జబ్బు పెరుగుతోందని తెలిసి, చేతిలో మందు పెట్టుకుని ఆగడానికి ఎంత గుండె నిబ్బరం కావాలి! సమీకరణం మీద నమ్మకం చాలదు, ఎదురుగా ఉన్న డాక్టరు మీదా ఉండాలి.

ఇది చదివి ఎవరూ సొంతంగా మాత్రలు ఆపకండి. అన్ని క్యాన్సర్లకూ ఈ లెక్క కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ఆయన ఫలితాలు ప్రచురించేనాటికి, 16 మందిలో 10 మంది తేరుకున్నారు. కానీ ఆ తేరుకోవడం నిలవలేదు, జబ్బు మందును దాటుకుని తిరిగొచ్చింది. సుబ్బారావుగారు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు మరికొన్ని మందులతో కలిపి ఇస్తున్నారు. ఒకదానికి లొంగని కణం ఇంకోదానికి దొరుకుతుంది కనుక ఎక్కువ మంది పిల్లలు పూర్తిగా బాగుపడుతున్నారు. అక్కడ పెద్దల మాటే చెల్లుతుంది.

అయితే బోస్టన్‌లో ఆ పిల్లలకు దొరికిన కొద్ది వారాలు ఉత్తవని ఏ తల్లీ అని ఉండదు. టాంపాలో మందు ఆపిన నెలలూ అలాంటివే అనుకుంటాను. అబిరాటెరోన్ ఖాళీ కడుపుతో వేసుకోవాలి. తిన్నాక రెండు గంటలు ఆగాలి, వేసుకున్నాక గంటదాకా ఏమీ తినకూడదు. మందు లేని నెలల్లో ఆ గడియారంతో పని లేదు. పొద్దున లేచి, ఆకలేస్తే తినేయడమే.